మధ్యలో వచ్చే బిట్టు కూడా పాటే

తిరుపతిలో పాటకచ్చేరీకి ఫ్లెక్సీ కట్టారంటే దాని మీద మూడు మాటలు తప్పకుండా ఉంటాయి. ‘లైవ్ ఆర్కెస్ట్రా’, ‘స్వర నివాళి’, ‘అందరూ ఆహ్వానితులే’. మూడోది నిజం. రెండోది వాళ్ళ ఉద్దేశం, దాన్ని శంకించక్కర్లేదు. మొదటిదాని సంగతే స్టేజీ దగ్గరికెళ్ళి చూసుకోవాలి.

ఘంటసాల పుట్టింది డిసెంబరు 4న, పోయింది ఫిబ్రవరి 11న. బాలు పుట్టింది జూన్ 4న, పోయింది సెప్టెంబరు 25న. ఈ నాలుగు తేదీలకీ అటూ ఇటూగా ఊళ్ళో ఏదో ఒక కల్యాణమండపంలోనో, మహతి ఆడిటోరియంలోనో వీళ్ళ పాటలు వినపడతాయి. బాలు మీద మన పక్క వాళ్ళకి కాస్త ఎక్కువ హక్కు కూడా ఉంది. హైస్కూలు చదువు శ్రీకాళహస్తిలో, పీయూసీ తిరుపతిలో. ‘మనోడు’ అనుకునే ఊళ్ళో ఆయనకి నివాళి అంటే హాలు నిండుతుంది. అట్లా నిండిన హాల్లోకి మొదటిసారి అడుగుపెట్టేవాళ్ళని ఉద్దేశించి రాస్తున్నానిది. ఇంతకాలం రికార్డులో విన్న పాటని ఎదురుగా మనుషులు వాయిస్తుంటే ఏం వినాలి, ఎక్కడ మోసపోతాం, ఎక్కడ ఊరికే చప్పట్లు కొట్టేస్తాం అనేది చెప్పాలని.

పడమటి దేశాల్లో ట్రిబ్యూట్ బ్యాండ్, అంటే ఒక పేరున్న బ్యాండ్ పాటలే వాయించే బృందం, అనేది ఒక స్థిరమైన వృత్తి. బూట్‌లెగ్ బీటిల్స్ 1980 నుంచీ బీటిల్స్ నలుగురి పాటలే వాయిస్తూ బతుకుతున్నారు. 1988లో అడిలైడ్‌లో మొదలైన ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో వాళ్ళని, ఆ అసలు బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ తన 50వ పుట్టినరోజుకి పిలిపించుకుని వాయింపించుకున్నాడు. విగ్గులూ కోట్లూ పైపై వేషం, దాన్ని పక్కన పెడదాం. వాళ్ళ పట్టుదలంతా వాద్యం మీద. ఏ గిటారు, ఏ యాంప్లిఫయరు, డ్రమ్స్‌లో ఏ తొట్టి ఎంత బిగువు అన్నదాకా వెళ్తారు.

మన దగ్గర నివాళి అంటే గొంతుకే నివాళి. స్టేజీ మధ్యలో ఒకాయన నిలబడి ఘంటసాలలా బరువుగా ఒకటి, పి.బి.శ్రీనివాస్‌లా మెత్తగా ఒకటి, బాలులా నవ్వుతూ ఒకటి పాడతాడు. గొంతు కలిసిందంటే ‘అచ్చం ఆయనే’ అని చప్పట్లు. వెనకాల కూర్చున్న ఫ్లూటాయన పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలు వాయించే బిట్టు మొత్తం ఎగ్గొట్టి రెండు ముక్కలు ఊది వదిలేసినా ఎవరూ అడగరు. నా తగాదా అక్కడే. సినిమా పాటలో మధ్య బిట్టు చరణాల సందు పూడ్చడానికి పెట్టింది కాదు, అది కూడా పాటే. అది లేకుండా పాడిన పాటకి నివాళి అనే పేరు పెట్టకూడదు.

అనుమానం ఉంటే ఇంట్లో ఒక పని చెయ్యండి. 1980ల నాటి ఇళయరాజా పాట మీకు నచ్చింది ఏదైనా పెట్టి, గాయకుడు నోరు తెరవని సమయమంతా ఫోన్లో స్టాప్‌వాచ్‌తో కొలవండి. నాలుగున్నర నిమిషాల పాటలో ఎత్తుగడ (పాట మొదట్లో వాద్యాలు వాయించేది), రెండు మధ్య బిట్లు కలిపి ఒకటింపావు నిమిషం దాటడం మామూలే. అంటే పాటలో నాలుగో వంతు పైన. అందులోనూ మొదటి బిట్టూ రెండో బిట్టూ ఒకటి కావు. రెండోసారి మెట్టు వేరు, వాద్యం వేరు, ఒక్కోసారి నడక కూడా వేరు. ఆర్కెస్ట్రా వాళ్ళు బద్ధకిస్తే మొదటి బిట్టునే రెండోసారీ వాయించేస్తారు. కొత్తగా వెళ్ళినవాళ్ళు పట్టుకోవలసిన మొదటి దొంగతనం ఇదే.

ఇక్కడ తిరుపతివాళ్ళు ఒక మాట అడగొచ్చు. ‘అన్నమయ్య కీర్తనని పదిమంది పది రకాలుగా పాడితే ఒప్పుకుంటాం గదా, సినిమా పాటకి మాత్రం ఈ పట్టింపు ఎందుకు?’ అని. మంచి ప్రశ్న. రాగిరేకుల మీద ఉన్నది సాహిత్యం, పైన రాగం పేరు. ఆయన పాడిన వరస ఏమిటో రేకు చెప్పదు. ఇప్పుడు మనం వినే వరసల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్ళు కూర్చినవి. అసలు వినపడనప్పుడు కొత్తగా కూర్చడమే నివాళి. సినిమా పాట అట్లా కాదు. అసలు రికార్డు ఉంది. హాల్లో కూర్చున్న నాలుగు వందల మంది చెవుల్లో ప్రతి చిన్న దెబ్బతో సహా ఉంది. ఉన్నదాన్ని వదిలేసి తోచింది వాయిస్తే దాన్ని స్వేచ్ఛ అనలేం, సాధన తక్కువైందని అనాలి.

సరే, లైవ్ అవునా కాదా అన్నది ఎట్లా తెలుసుకోవాలి? మొదటి పాట మొదలయ్యాక కళ్ళతో లెక్కపెట్టండి. చెవికి వయొలిన్ల గుంపు వినిపిస్తోంది, స్టేజీ మీద వయొలిన్ ఒక్కటీ లేదు, కీబోర్డు ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి. అంటే ల్యాప్‌టాప్‌లోంచి ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన వాద్యాలు, నడుస్తోంది. ముగింపు ఇంకా మంచి గుర్తు. రికార్డులో చాలా పాటలు చివర మెల్లగా సన్నగిల్లి మాయమవుతాయి. మనుషులు వాయించేటప్పుడు అట్లా కుదరదు, పల్లవి రెండుసార్లు తిప్పి ఒక తీర్మానం వేసి ఆపుకోవాలి. స్టేజీ మీద పాట కూడా రికార్డులాగే సన్నగిల్లి పోయిందంటే తబలా ఆయన చేతులు ఆడించడం నటనే.

గాయకుడు తప్పు చేసినప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రెండో చరణం ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) ముందే ఎత్తుకున్నాడనుకోండి. లైవ్ ఆర్కెస్ట్రా అయితే తబలా ఆయన తలెత్తి చూస్తాడు, బేస్ గిటారు ఆయనకి కనుసైగ వెళ్తుంది, రెండు దెబ్బల్లో అందరూ గాయకుడి దగ్గరికి వచ్చేస్తారు. దీన్నే ‘కలుపుకోవడం’ అంటారు. ట్రాక్ ఎవర్నీ కలుపుకోదు. దాని దారిన అది పోతుంది, గాయకుడు మధ్యలో నోరు మూసుకుని అది వచ్చేదాకా కాచుకోవాలి.

ట్రాక్ మీద పాడటం తప్పని నేననను. చిత్తూరులోనూ తిరుపతిలోనూ ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు కరోకే మీద పాడుకునేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు, చాలామంది చక్కగా పాడతారు కూడా. దానికి ‘కరోకే నైట్’ అని పేరు పెడితే ఏ గొడవా లేదు. లైవ్ ఆర్కెస్ట్రా అని ఫ్లెక్సీ కట్టి, ముందు వరసలో నలుగురిని వాద్యాలు పట్టించి కూర్చోబెట్టి, కింద ట్రాక్ నడపడమే ఒప్పుకోలేను. ఘంటసాల పాటల విషయంలో ఇది మరీ అన్యాయం. 1950ల నాటి పాటలు గాయకులూ వాద్యకారులూ ఒకే గదిలో, ఒకేసారి, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించి రికార్డు చేసినవి. ఎవరు తప్పినా మళ్ళీ మొదటికి రావలసిందే. అట్లా పుట్టిన పాటకి ల్యాప్‌టాప్ మీట నొక్కి నివాళి ఇవ్వడమా?

‘పన్నెండు మందిని తెస్తే ఎవరు భరిస్తారు సార్’ అంటారు నిర్వాహకులు. ప్రయాణాలు, గదులు, భోజనాలు, పారితోషికాలు. ఖర్చు నిజమే. దానికి జవాబు ఆరుగురు చాలు అన్నది. తబలా డోలక్‌లకి ఒకరు, ప్యాడ్‌కి (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) ఒకరు, కీబోర్డులకి ఇద్దరు, బేస్ గిటారు ఒకరు, ఫ్లూటో వయొలినో ఒకరు. ఈ ఆరుగురితో పాత పాటలు చాలా నిండుగా వస్తాయి, ఎందుకంటే అవి పుట్టిందే తక్కువ మందితో. పదుల వయొలిన్లు కావలసిన పాటలు ఆరోజుకి పక్కన పెట్టండి. మూడు గంటల కార్యక్రమానికి 25 పాటలు వేస్తారు మామూలుగా, యాంకరు మాటలతో కలిపి పాటకి ఏడు నిమిషాల లెక్కన. ఆ 25ని 16 చేసి, ఉన్న పాటల్ని బిట్లతో సహా సాధన చేస్తే హాలు ఒక్క అంగుళం కదలదు. నొటేషన్ (ఎవరు ఏ స్వరాలు వాయించాలో రాసిన కాగితం) ముందే రాసి పంపితే ఒక పూట రిహార్సల్లో పది పన్నెండు పాటలు నిలబడతాయి. నొటేషన్ లేకుండా ‘అందరికీ తెలిసిన పాటే గదా’ అని కూర్చుంటే నాలుగు కూడా తెమలవు. తెలిసిన పాట అనేదే పెద్ద ఉచ్చు. పల్లవి అందరికీ తెలుసు, రెండో బిట్టులో బేస్ ఎటు నడుస్తుందో ఎవరికీ తెలియదు.

వాద్యకారుల కరువు ఉన్న ఊరు కూడా కాదిది. దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల ఊళ్ళోనే ఉంది. వయొలిన్, ఫ్లూట్, మృదంగం నేర్చుకుని బయటికొస్తున్న పిల్లలున్నారు. అయినా ఒక్క వయొలిన్‌ని పెట్టుకోకుండా కీబోర్డులో ‘స్ట్రింగ్స్’ టోను నొక్కడం ఎందుకో అర్థం కాదు. పైగా కావలసినవాళ్ళని మద్రాసు నుంచి రప్పించుకోవడం మనకి కొత్త కాదు, బస్సెక్కితే మూడు నాలుగు గంటలు.

కీబోర్డు టోన్లలో ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్నదానికి ఒక సులువైన కొలత ఉంది. మీట నొక్కగానే మోగి ఆగిపోయే వాద్యాలు, అంటే పియానో, వైబ్రఫోన్, గంటలు, కీబోర్డు మీద బాగానే పలుకుతాయి. స్వరం నుంచి స్వరానికి జారే వాద్యాలు పలకవు. వీణ, సితార, షెహనాయి, నాదస్వరం ఈ జాతి. జారుడు కోసం కీబోర్డు ఎడమ పక్క ఒక చక్రం ఉంటుంది, దాన్ని ముందుకూ వెనక్కీ తిప్పితే స్వరం వంగుతుంది. మామూలుగా అది పైకి రెండు అరస్వరాలు, కిందికి రెండు అరస్వరాల దాకానే వంగేలా ఉంటుంది. వీణ మీద తీగ లాగి పలికించే పెద్ద జారుడు అందులో ఇమడదు, వాయించే ఆయన సెట్టింగు మార్చుకుని ఉండాలి. మార్చుకున్నా, చక్రం తిప్పే చెయ్యి తెలిసినవాడిదై ఉండాలి. నాదస్వరం టోను గురించి చెప్పనే అక్కర్లేదు. చిత్తూరు జిల్లాలో ఏ పెళ్ళిలో చూసినా అసలు నాదస్వరం చెవి పక్కనే మోగుతుంది, అది విని పెరిగిన చెవికి కీబోర్డు నాదస్వరం పీపీ బూరలాగే ఉంటుంది.

ఇక శ్రుతి. మన ఆర్కెస్ట్రాల్లో ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు అంటే డి, అట్లా ఏడు దాకా. పాట రికార్డులో ఏ శ్రుతిలో ఉందో అదే శ్రుతిలో పాడాలన్న పట్టుదల కొందరికుంది. నాకంత పట్టింపు లేదు. ముఖ్యంగా యుగళగీతాల్లో ఆడ మగ ఇద్దరికీ శ్రుతి ఒకటే, ఎవరో ఒకరు తమ గొంతుకి కష్టమైన చోట పాడవలసి వస్తుంది. బాలు ఇరవైల్లో పాడిన పాటని యాభై దాటిన గాయకుడు అర శ్రుతి దించుకుంటే నేరమేం కాదు. దించింది ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకపోవడమే నేరం.

అది ఎట్లా జరుగుతుందో దగ్గర్నుంచి చూపిస్తాను. కీబోర్డు మీద ‘ట్రాన్స్‌పోజ్’ అని ఒక మీట ఉంటుంది. ఒకసారి నొక్కితే వాద్యం మొత్తం అర శ్రుతి పైకో కిందికో పోతుంది, వేళ్ళు మాత్రం పాత చోటే ఆడించవచ్చు. ఐదో పాటకి గాయకుడు ‘అన్నా, సగం దించు’ అన్నాడు. ఆయన మైనస్ ఒకటి నొక్కాడు. పాట బాగా వచ్చింది, చప్పట్లు పడ్డాయి, యాంకరమ్మ ఆరో పాట పేరు చెప్పేసింది. మీట సున్నాకి తేవడం ఆయన మరిచిపోయాడు. ఆరో పాటకి ఎత్తుగడ ఫ్లూటు. ఫ్లూటాయన రికార్డు శ్రుతిలో వేణువు తీసి శుభ్రంగా ఊదాడు. గాయని దాన్ని పట్టుకుని పల్లవి ఎత్తుకుంది. అప్పుడు కీబోర్డు మీద కలిపి నొక్కే స్వరాల గుంపు, అంటే కార్డ్, పడింది, అర శ్రుతి కింద. ఆ నాలుగు ఆవర్తాల్లో స్టేజీ మీద జరిగేది చూడాలి. గాయని కీబోర్డుకేసి చూస్తుంది, కీబోర్డు ఆయన గాయని తప్పుతోందనుకుంటాడు, ఫ్లూటాయన వేణువు మార్చాలా అని పెట్టెలో వెతుకుతాడు, బేస్ గిటారు ఆయన మెల్లగా చెయ్యి తీసేస్తాడు. ప్రేక్షకులకి ఏదో చేదుగా ఉందని తెలుస్తుంది కానీ ఏదో తెలియదు, తప్పంతా గాయని మీద వేస్తారు. దీనికి మందు ఒక్కటే. పాట అయిన వెంటనే, చప్పట్ల మధ్యలోనే, మీట సున్నాకి తెచ్చుకునే అలవాటు. పాట పేరు ఎదురుగా శ్రుతి అంకె పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం ఆరుగురి ముందూ ఉంటే ఇంకా మంచిది.

తబలా సంగతి దీనికి తోడు. తబలాని పాట శ్రుతికి కలుపుకోవాలి. కుడి తబలా ఒకటే అన్ని శ్రుతులకీ సాగదు. మూతి ఐదుంపావు అంగుళాలది హెచ్చు శ్రుతికి, ఆరు అంగుళాల దగ్గరది తగ్గు శ్రుతికి. బాగా తయారై వచ్చేవాళ్ళ దగ్గర కనీసం మూడు ఉంటాయి, పక్కన సుత్తె ఉంటుంది. పాటకీ పాటకీ మధ్య అంచు మీద ఠక్ ఠక్ అని కొడుతూ, చెవి దగ్గరికి వంచుకుని, వేలితో మీటి చూసుకుంటుంటే విసుక్కోకండి. ఆ రెండు నిమిషాలు యాంకరు మాటలతో నింపాలి, అందుకే యాంకరు ఉండేది. మొత్తం కార్యక్రమం అయ్యేదాకా తబలా ఆయన సుత్తె ముట్టలేదంటే రెండే కారణాలు. ఆయన దగ్గర పది తబలాలైనా ఉండాలి, లేకపోతే ఆయన వాయించింది మైకులోకి వెళ్ళకుండానైనా ఉండాలి. పాటల వరస వేసేటప్పుడే ఒకే శ్రుతి పాటలు మూడు పక్కపక్కన పెట్టుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది. అట్లా వేసే నిర్వాహకులు తక్కువ. సినిమా వరసలోనో, వీఐపీ కోరిక వరసలోనో వేస్తారు.

లయలో జరిగే తప్పు ఒకటే, వేగం. రికార్డులో నిమిషానికి 92 దెబ్బలున్న పాట స్టేజీ మీద 104కి పోతుంది. ఎవరూ కావాలని చెయ్యరు. హాలు ఊపు, ప్యాడ్ ఆయన ఉత్సాహం, ముందు పాట వేగంగా ఉండి ఉండటం. ఆ పన్నెండు దెబ్బల తేడాతో గాయకుడికి గమకం పలకడానికి చోటు ఉండదు. ఫోన్లో ఉచితంగా దొరికే మెట్రోనోమ్ యాప్‌లో తెరమీద వేలితో తాళం వేస్తే అంకె చూపిస్తుంది. ఇంట్లో రికార్డుకి ఒకసారి, హాల్లో ఒకసారి వేసి చూడండి. ప్యాడ్ గురించి కూడా ఒక మాట. తబలా, డోలక్ మాత్రమే ఉన్న పాత పాట మీదికి ప్యాడ్‌తో డ్రమ్స్ దెబ్బలు వెయ్యడం మన దగ్గర జబ్బులా తయారైంది. కుర్రాళ్ళు ఈలలేస్తారని వేస్తారు. ఈలలు పడతాయి, పాట పోతుంది.

సౌండ్ దగ్గర చెడిపోయినన్ని కచ్చేరీలు గొంతు దగ్గర చెడిపోలేదు. అందులోనూ ఎకో. తెలుగు ఆర్కెస్ట్రాలకి ఎకో అంటే పెరుగన్నంలో ఊరగాయ, లేకపోతే ముద్ద దిగదు. లెక్క తెలిసి వేస్తే తప్పు లేదు. 60,000ని పాట వేగంతో భాగిస్తే ఒక దెబ్బకి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 100 వేగానికి 600, అందులో సగం 300. ఎకోని ఆ అంకెకి కట్టి సన్నగా వేస్తే మాట వెనకాల మాట తాళంలో పడుతుంది. ఇష్టమొచ్చినట్టు 400 దగ్గర పెట్టి గట్టిగా వేస్తే, వెనకొచ్చే అక్షరం ముందొచ్చే అక్షరం మీద పడి ఒత్తులన్నీ అరిగిపోతాయి. మన సాహిత్యంలో ఒత్తులు పోతే ఏం మిగులుతుంది? ఇంకో దురలవాటు, యాంకరు మాట్లాడేటప్పుడు కూడా ఎకో ఆపకపోవడం. సన్మానం పొందేవాళ్ళ పేర్లు గుహలోంచి వస్తున్నట్టుంటాయి.

మైకు కూత పెట్టడానికి కారణం చాలాసార్లు గాయకుడి చెయ్యే. మైకు తల చుట్టూ అరచేతితో కప్పి పట్టుకుంటే స్టైలుగా ఉంటుందని కొందరి నమ్మకం. ఆ మైకు ముందు నుంచి వచ్చేదాన్ని ఎక్కువగా, వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువగా పట్టేలా తయారుచేసింది. ఆ పని తల వెనక ఉన్న సందుల వల్ల జరుగుతుంది. వాటిని చేత్తో మూసేస్తే నాలుగు పక్కలనుంచీ పట్టుకుంటుంది, ఎదురుగా కాళ్ళ దగ్గరున్న మానిటర్ స్పీకరు శబ్దం అందులో దూరి మళ్ళీ స్పీకర్లోకి పోయి కుయ్యిమంటుంది. కాడ పట్టుకుని, నోటికి రెండు మూడు వేళ్ళ దూరంలో ఉంచితే చాలు. మరీ ఆనించితే గొంతులో లేని గంభీరం వస్తుంది. ‘అచ్చం ఘంటసాల గొంతే’ అని మనం మురిసిపోయే బరువులో సగం ఈ మైకు చలవే, చూసుకోండి.

జాతర స్టేజీల్లో ఇంకోటి ఉంది. సీరియల్ సెట్లు, రంగు లైట్లు, కీబోర్డులు, మైకుల శబ్దాలన్నీ కలిపి సర్దే మిక్సరు అన్నీ ఒకే జనరేటరు లైనుకి తగిలిస్తారు. స్పీకర్లలో సన్నగా జుయ్యిమని మొదలై, లైట్లు మారినప్పుడల్లా పెరుగుతూ ఉంటుంది. సౌండ్ లైను వేరు, లైట్ల లైను వేరు పెట్టి, కీబోర్డునీ మిక్సర్నీ ఒకే చోటినుంచి కరెంటు తీసుకుని, సరిగా ఎర్త్ ఇస్తే చాలావరకు పోతుంది. సౌండ్ ఆయన కనీసం రెండు గంటల ముందు రావాలి. సన్మానాలకి తెప్పించిన శాలువాలు ముందొచ్చి మిక్సరు వెనకొచ్చే కార్యక్రమాల్లో మొదటి మూడు పాటలు సౌండ్ చెకింగు కింద రాసుకోవచ్చు.

ఎక్కడ కూర్చోవాలంటే మిక్సరు పక్కన, లేదా దాని ముందు. సౌండ్ ఆయన తన చెవికి నచ్చినట్టు సర్దుతాడు కాబట్టి అక్కడ వినపడేదే అన్నిట్లోకీ మేలు. మొదటి వరస వీఐపీలదే గానీ, అక్కడికి వినపడేది మానిటర్లూ డ్రమ్సూ తప్ప పాట కాదు. మరీ వెనక్కిపోయినా బాగోదు. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, 34 మీటర్ల దూరంలో కూర్చుంటే తబలా మీద చెయ్యి పడ్డ పదో వంతు సెకను తర్వాత దెబ్బ వినపడుతుంది. తమాషాగా ఉంటుంది కానీ కాసేపటికి తలనొప్పి. మిక్సరు పక్కన కూర్చుంటే ఇంకో లాభం, ‘అన్నా, తబలా కొంచెం ఎత్తన్నా’ అని మర్యాదగా అడగొచ్చు. ఎకో తగ్గించమని మాత్రం అడక్కండి, నొచ్చుకుంటారు.

చెవుల సంగతి. అమెరికాలో నియోష్ అనే సంస్థ పెట్టిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. అక్కణ్ణించి ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. జాతర వీధిలో బాక్సుల గోడ ముందు నిలబడి ఫోన్లో కొలిచి చూడండి, ఆ అంకె అంత కచ్చితం కాకపోయినా మీకు సంగతి అర్థమవుతుంది. మందుల షాపులో దొరికే నురుగు ఇయర్‌ప్లగ్గులు నలిపి చెవిలో పెట్టుకుంటే పాట పోదు, పోటు పోతుంది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని స్పీకరు ఎత్తుకి తీసుకెళ్ళేవాళ్ళని చూస్తే మాత్రం నోరు ఆగదు.

హక్కుల గొడవ క్లుప్తంగా. పెళ్ళి వేడుకలోనూ, దేవుడి ఉత్సవంలోనూ పాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టి హాల్లో చేసేదానికి ఆ మినహాయింపు రాదు, పాటల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ అనే సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. పెద్దపెద్దవాళ్ళకే తప్పలేదు. 2017లో తన పాటలు అనుమతి లేకుండా పాడుతున్నారని ఇళయరాజా తరఫున బాలుకే లీగల్ నోటీసు వెళ్ళింది, ఆ పాటలు మానేసి కచ్చేరీలు చేస్తానని బాలు ప్రకటించాడు. సంగీత దర్శకుడు కాకముందు మద్రాసులో బాలు నడిపిన చిన్న ఆర్కెస్ట్రాలో గిటారూ హార్మోనియం వాయించింది ఆ ఇళయరాజానే. అప్పుడు వాళ్ళు వాయించుకున్నవీ వేరేవాళ్ళ పాటలే. ఇప్పటి మన ట్రూపుల్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

అనుకరణ గురించి ఇంతసేపూ విసుక్కున్నాను గనక దాని పక్షాన కూడా ఒక మాట. అనుకరణ ఒక బడి. ఒక గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు, ఏ అక్షరాన్ని ఎంతసేపు పట్టాడు, ఏ ఒత్తు దగ్గర గొంతు తగ్గించాడు అని వెతుక్కుంటూ పోతేనే పాట లోపలికి దిగుతుంది. కానీ బాలు పాటలో ఆయన నవ్విన చోట నవ్వడం, దగ్గిన చోట దగ్గడం బడి కాదు. ఆ నవ్వు ఆయనకి ఆ పూట స్టూడియోలో ఆ పాత్రని చూసి వచ్చింది. ఎదురుగా ఏ పాత్రా లేకుండా ఈయన నవ్వితే నవ్వు ఒక్కటే విడిగా తేలుతుంది. ఊపిరిని అనుకరించు నాయనా, నవ్వుని వదిలెయ్యి.

చివరిగా చీటీల సంగతి. మన హాళ్ళలో ప్రేక్షకులు పాట పేరు చిన్న కాగితం మీద రాసి స్టేజీ మీదికి పంపడం అలవాటు. ఆర్కెస్ట్రా వాళ్ళకి చీటీ అంటే భయం, ఎందుకంటే ఆ పాట నొటేషన్ వాళ్ళ దగ్గర ఉండదు, తబలా ఆ శ్రుతిలో ఉండదు. ఒప్పుకోకపోతే గొడవ, ఒప్పుకుంటే అతుకులు. అందుకని పంపేవాళ్ళు పాటల జాబితా ఉందేమో కనుక్కుని అందులోంచే అడిగితే మంచిది. ఇంకోటి, తొమ్మిదిన్నర దాటాక పంపకండి. ఆరుబయట స్టేజీ అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది తర్వాత మైకు మోగకూడదు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. పదికి కానిస్టేబులు స్టేజీ పక్కకి వచ్చి నిలబడతాడని తెలుసు కాబట్టి తొమ్మిదిన్నర నుంచీ పాటలు కుదించేస్తారు. ముందు రెండో చరణం పోతుంది, దానితో పాటు రెండో బిట్టూ పోతుంది. సాయంత్రం ఏడింటికే, తబలా చల్లబడకముందే, చీటీ పంపండి. పాట పేరు రాసి, దాని కింద ఇంకో వాక్యం రాయండి: ‘రెండు చరణాలూ పాడండి, మధ్య బిట్లు రెండూ వాయించండి’.